నాకో ఆలస్యం ఉంది

నోరు జారి ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్ళను మీరు చూసే ఉంటారు. నేను మాత్రం మూడే మూడు ఇటాలియన్ మాటలతో, పెళ్ళి కాకుండానే, మారతహళ్ళి ట్రాఫిక్ మధ్యలో నెల తప్పాను.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. మాది హిందూపురం. మారతహళ్ళిలో పీజీలో ఉంటూ బెళ్ళందూరులోని ఓ చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసేదాన్ని. మా క్లయింటు ఇటలీలో టైల్స్ తయారుచేసే సంస్థ. మా పని చూసే మారియెల్లాగారికి యాభై దాటాయి, మంచి మనిషి. మూడు వారాల్లో నన్ను ఆవిడ దగ్గరికి పంపాలని నిర్ణయమైంది. అంతకుముందు నేను విమానం ఎక్కిందే లేదు. ఆవిడను మెప్పించెయ్యాలని ఫోన్లో యాప్ పెట్టుకుని ఇటాలియన్ మొదలుపెట్టాను.

తొమ్మిదో పాఠంలో 'ఓ ఫామే' వచ్చింది. నాకు ఆకలి ఉంది అని. అరే, అచ్చం మన తెలుగే! ఆలస్యాన్ని 'రితార్దో' అంటారని ఎక్కడో చూశాను. ఇక మిగతాది నా తెలివి. 'ఓ ఉన్ రితార్దో', అంటే నాకో ఆలస్యం ఉంది. పదో పాఠం దాకా ఆగే ఓపిక ఉంటే ఈ కథే లేదు.

ఇటలీ వేళల ప్రకారం మా ఆఫీసు మధ్యాహ్నం మొదలయ్యేది. ఆ రోజు మీటింగు టైముకి నా క్యాబ్ మారతహళ్ళి బ్రిడ్జి దగ్గర పాతేసినట్టు నిలబడిపోయింది. ఫోన్ చేసి, గొంతు సవరించుకుని, "మారియెల్లా, ఓ ఉన్ రితార్దో!" అన్నాను గర్వంగా.

ఆవిడ ఆ మాట మళ్ళీ చెప్పించుకుంది. నా ఉచ్చారణకు మురిసిపోతోంది అనుకున్నాను. తర్వాత ఆవిడ మెల్లగా ఇంగ్లీషులో అడిగింది.

"నీకు సంతోషంగానే ఉందా?"

"సంతోషమేమిటండీ, ప్రాణం విసిగిపోతోంది!"

"అయ్యో. దీనికి కారణం ఎవరో తెలుసా?"

కిటికీలోంచి చూశాను. విజిలేసుకుంటూ ఒకాయన మా వైపు వాహనాలను ఆపి, అవతలివాళ్ళను వదులుతున్నాడు. "తెలియకేం? ట్రాఫిక్ పోలీసు."

"అతనికి చెప్పావా?"

"చెప్తే వింటాడా? ఆయన దగ్గర నాలాంటివాళ్ళు వందమంది ఉన్నారు."

"దేవుడా! మరి మీ ఇంట్లోవాళ్ళు?"

"వాళ్ళకు అలవాటైపోయింది. ఇది నాకు వారానికి మూడుసార్లు ఉండేదే."

ఆవిడ ఫోన్ పెట్టేసింది. నేను ఆఫీసు చేరేసరికి మా మేనేజర్ నాగరాజుగారు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశారు. పుట్టి పెరిగింది బెంగళూరే, ఇంట్లో తెలుగే. నా ముందు మజ్జిగ గ్లాసు పెట్టి, గోడవైపు చూస్తూ మొదలుపెట్టారు.

"తల్లీ, భయపడొద్దు. నేనుండాను. ఆ పోలీసాయన యాడుంటాడు?"

"బ్రిడ్జి కిందే సార్. వానొచ్చినా కదలడు పాపం."

"పాపమా! పైవాళ్ళకి కంప్లైంట్ ఇద్దామంటే?"

"ఎందుకు సార్? ఆయన డ్యూటీ ఆయన చేశాడు."

నాగరాజుగారు నాకు పెట్టిన మజ్జిగ తనే గటగటా తాగేసి, ఫోన్ నా చేతిలో పెట్టారు. అందులో మారియెల్లా మెయిల్: 'ఈ పరిస్థితిలో ఆ అమ్మాయిని విమానం ఎక్కించకండి. ఆ పోలీసును వదలకండి.'

ఏ పరిస్థితో, ఆ పోలీసు చేసిన నేరమేమిటో నాకేం అర్థం కాలేదు. అక్కడికక్కడే ఆవిడకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. నేను ట్రాఫిక్‌లో ఇరుక్కున్న సంగతి విని ఆవిడ నవ్వి నవ్వి దగ్గింది. "లేటుగా వస్తున్నానంటే 'సోనో ఇన్ రితార్దో' అనాలమ్మా. ఆడపిల్ల నోట ఊరికే 'ఓ ఉన్ రితార్దో' అని వస్తే, రావలసింది రాలేదని!"

నా ప్రయాణం మళ్ళీ ఖాయమైంది. అక్కడితో గండం గడిచిందనుకున్నాను. మర్నాడు నాగరాజుగారు తలొంచుకుని ఓ స్టీలు డబ్బా తెచ్చారు.

"నిన్న మా ఆవిడకి చెప్పేసినాను తల్లీ. ఈ సంగతి తెలీకముందే. పొద్దున్నే పుల్లమామిడికాయ కోసి, ఉప్పూకారం చల్లి పెట్టింది. వెనక్కి తీసకపోతే నన్ను తిడ్తాది. నువ్వే తినేయ్."

తినేశాను. నా సీట్లోనే, అందరి ఎదుటా, వేళ్ళు నాక్కుంటూ. అప్పటిదాకా ఏమీ తెలియని ఆఫీసుకు సాయంత్రానికల్లా అంతా తెలిసిపోయింది. లిఫ్టు దగ్గర నిలబడి ఉంటే సెక్యూరిటీ ఆయన కుర్చీ తెచ్చి వేశాడు.

అందుచేత, ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇకపై నాకు లేటైతే ఏ భాషలోనూ ఎవరికీ చెప్పను. ఫోన్ స్విచ్చాఫ్ చేసుకుంటాను.