పిరిడిన్‌కు మిగిలిన ఒక్క అద్దం

ఎనిమిదేళ్ల క్రితం సుజాత ఎమ్మెస్సీ పరీక్ష తప్పింది తన తప్పు వల్ల కాదు, నా తప్పు వల్ల. ఆ మాట పోయిన నెల వరకూ ఎవరికీ చెప్పలేదు.

అప్పట్లో భిలాయిలోని ఒక ప్రైవేటు కాలేజీలో క్వాంటమ్ కెమిస్ట్రీ చెప్పేవాణ్ని. అణువులో ఎలక్ట్రాన్ల శక్తి లెక్కగట్టడం పెద్ద పని. అణువుకు సిమెట్రీ ఉంటే, అంటే తిప్పినా, అద్దంలో చూసినా అలాగే కనిపిస్తే, ఆ లెక్క చిన్న ముక్కలుగా విడిపోతుంది. ఆరు కార్బన్ల బెంజీన్ వలయంలోనైతే ఆరు ముక్కలై చేతికి లొంగుతుంది.

ఏటా బెంజీనే ఇస్తున్నానని, ఆసారి ప్రశ్నలో దాన్ని కొట్టేసి పిరిడిన్ అని రాశాను. అందులో ఒక కార్బన్ చోట నైట్రోజన్ ఉంటుంది. ఆన్సర్ కీ మాత్రం పాతదే. దాన్ని పక్కన పెట్టుకుని పేపర్లు దిద్దేశాను. బెంజీన్ జవాబు బట్టీపట్టిన వాళ్లందరికీ మార్కులు పడ్డాయి. నైట్రోజన్ మీదుగా నిలబెట్టే అద్దం ఒక్కటే మిగిలిందని, లెక్క నాలుగూ రెండుగా మాత్రమే విడిపోతుందని సుజాత రాసింది. సున్నా వేశాను. దాంతో పేపరు పోయింది.

ఆమె తండ్రి ఉక్కు ప్లాంటులో పనిచేసేవాడు. మరోదా నుంచి సైకిల్ మీద కాలేజీకి వచ్చేది. పరిశోధనకు సీటు వచ్చింది, ఈ పేపరు గట్టెక్కితే చాలు.

"నేను రాసిందాంట్లో తప్పేటి సార్? నైట్రోజన్ వచ్చీసేక తిప్పితే అదే బొమ్మ ఎలగొస్తాది?" అంది.

"కీలో అలా లేదమ్మా. రీటోటలింగ్‌కి పెట్టుకో" అన్నాను.

రీటోటలింగ్‌లో వేసిన మార్కులే మళ్లీ కూడతారు, జవాబు చదవరు. ఆమె వెళ్లాక పేపరు తీసి చూశాను. ఆమె రాసిందే సరైనదని, కీయే తప్పని ఒక్క నిమిషంలో అర్థమైంది. ప్రిన్సిపాల్ గది నాలుగడుగుల దూరం. కాని ఆ నెలలోనే నన్ను విభాగాధిపతిని చేయాలని అనుకుంటున్నారు. పేపరు బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆమె సీటు ఇంకెవరికో పోయింది.

పోయిన నెల, కీ తప్పని కాలేజీకి రాతపూర్వకంగా ఇచ్చి, ఆ కాపీ పట్టుకుని వైశాలి నగర్‌లో ఆమె నడిపే ట్యూషన్ సెంటర్‌కు వెళ్లాను.

"ఏటి సార్, దారి తప్పీసేరా? కూకోండి, చాయ్ తెప్పిస్తాను" అని నవ్వింది. కాగితం చదివి మడిచి తిరిగి నా చేతికిచ్చింది.

"పోన్లెండి సార్. మీరు చూసుకోనేదనే అనుకున్నాను. తెలిస్తే మీరు దిద్దీసేవోరే కదా."

కాగితంలో నేను రాయనిది అదే.

"చూసుకున్నానమ్మా. నువ్వు గది దాటిన వెంటనే చూశాను. తెలిసే ఊరుకున్నాను. నన్ను క్షమించు" అన్నాను.