సున్నం తోమించిన ప్రెసిడెంటు

మా ముత్తాతగారు వడ్డాది వైపు ఏడు గ్రామాలకు మొఖాసాదారు. ఆయన పల్లకీ వస్తుంటే ఎడ్లబళ్ళు పొలాల్లోకి దిగిపోయేవి. తాతగారికి గుర్రం ఉండేది. నాన్నగారికి ఆ గుర్రం కొరడా మిగిలింది. నాకు వంగని నడుం ఒక్కటే దక్కింది. ఇంతమంది నిలబెట్టిన పరువును ఒక్క మధ్యాహ్నంలో కల్లులో ముంచిన ఘనత మాత్రం పూర్తిగా నాదే. అందులో ఎవరికీ వాటా లేదు.

అవి మద్యనిషేధం రోజులు. కల్లు గీస్తే జైలు. బెల్లం వండుకోడానికి తియ్యటి తాటిరసం గీసుకోవచ్చు, దానికి లైసెన్సు కావాలి. ఎవరికివ్వాలో సిఫార్సు చెయ్యడానికి చోడవరంలో ఒక కమిటీ. నేను ప్రెసిడెంటుని. చేతుల కుర్చీ మా ఇంట్లోనే ఉంది మరి!

నిషేధశాఖ ఇన్‌స్పెక్టరు వచ్చి కమిటీకి పద్ధతి బోధించాడు.

"మనిషి ఎవరి తాలూకా అని చూడకండి, కుండ చూడండి. లోపల సున్నం పూత ఉండాలి, రసం తియ్యగా ఉండాలి. సోమవారం వస్తాను. నా ఎదుటే పరీక్ష చెయ్యండి."

నేను వినలేదు. మా ఇంట్లో చెప్పడమే గాని వినడం అలవాటు లేదు.

ఆదివారం సాయంత్రం తాళ్ళు గీసే సన్యాసి కుండలు పట్టుకొచ్చాడు. "ఈపాలి లైసెన్సు రాకపోతే పిల్లల్తో ఖరగ్‌పూర్ కూలికి ఎల్లిపోవాలి బాబూ" అన్నాడు. కుండల నిండా తెల్లటి చారలు.

"ఏటిరా ఈ దరిద్రం? ఆఫీసరు ముందు పెట్టే కుండలేనా ఇవి?"

"సున్నం బాబూ. అదుంటేనే..."

"తోమెయ్."

"తోమేస్తే రసం పులిసిపోద్ది బాబూ!"

"మా తాతగారికి ఇలాగే ఎదురు చెప్పేవాడివా?"

"ఆ బాబు పులిసిందే అడిగేవోరు. అప్పుడు సున్నంతో పనేటి?"

తోమించాను. అక్కడితో ఆగితే నేనెందుకవుతాను? మర్నాడు దింపిన రసాన్ని మా ముత్తాతగారి వెండి బిందెలో పోయించి, చావట్లో కమిటీ ముందు పెట్టించాను. అనకాపల్లి బస్సు ఆలస్యమైంది. ఎండ మండింది. ఇన్‌స్పెక్టరు వచ్చేసరికి బిందె మూతి దాటి నురుగు.

"చూశారా, మర్యాద తెలిసిన రసం! తమర్ని చూసి లేచి నిలబడుతోంది" అన్నాను.

రుచి చూడడం ప్రెసిడెంటు హక్కు. మొదటి గ్లాసు పుల్లగా ఉంది. రెండోది ఫరవాలేదు. మూడోది అమృతం. "మద్యం మనిషిని..." అని ఉపన్యాసం ఎత్తుకుని, మాడుగుల హల్వా ముక్కలా కుర్చీలోంచి నేలమీదికి జారిపోయాను.

ఇన్‌స్పెక్టరు బిందె వాసన చూశాడు. "ఎవడిదిరా ఈ కల్లు?"

సన్యాసి కుండలు బోర్లించి చూపించాడు. "ఈ బాబే సున్నం తోమించేసేరండి. నా కుండలిప్పుడు ఖాళీ, సూడండి."

"అయితే ఎవరి బిందెలో దొరికితే వాళ్ళదే" అని ఇన్‌స్పెక్టరు వంగి, బిందె మీద చెక్కిన మా ముత్తాతగారి పేరు బిరుదులతో సహా చదివాడు. "ఈయన ఎక్కడుంటారు?"

"స్వర్గంలో" అన్నాను నేలమీంచే.

"వారసులో?"

కమిటీ మొత్తం నావైపు వేళ్ళు చూపించింది. తరవాత నన్ను దాటుకుని వెళ్ళి, సున్నం పూసి తెచ్చినవాడు సన్యాసేనని అతని లైసెన్సుకు ఏకగ్రీవంగా సిఫార్సు చేసింది. వెళుతూ వెళుతూ ఇన్‌స్పెక్టరు తన బోధన సవరించాడు. "ఇకమీదట కుండతో పాటు ప్రెసిడెంటును కూడా చూడండి."

పల్లకీ సాక్షిగా, గుర్రం సాక్షిగా, మిగిలిన కొరడా సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో మరొకరి కుండ తోమించను.

జరిమానా కట్టడానికి వెండి బిందెను అనకాపల్లిలో అమ్మేశాం.