మగ్గం గుంటలో చేపలు

మొన్న మా పేటలో కొత్తగా కట్టిన ఫంక్షన్ హాలుకు ఒక పెళ్లి భోజనానికి వెళ్లాను. గుమ్మం దాటగానే గోడంత అద్దాల తొట్టి, లోపల నీలం లైట్లు, ఆ వెలుతురులో మోచేతంత పొడుగు చేపలు నాలుగైదు బూడిద రంగు వీపులతో అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు తిరుగుతున్నాయి. పెళ్లికొచ్చినవాళ్లు పిల్లల్ని ఎత్తుకుని వాటి ముందు ఫోటోలు దిగుతున్నారు. నా ఈడువాళ్లు ఇలాంటివి చూస్తే పాత రోజులు తలుచుకుని మెత్తబడతారని అంటారు గానీ, నాకు మాత్రం ఆ చేపల్ని చూడగానే ఒళ్లు మండిపోయింది. వధూవరుల మీద నాలుగు అక్షింతలు వేసి, పంక్తిలో కూర్చోకుండానే ఇంటికొచ్చేశాను. ఇరవై ఏళ్లు దాటినా చల్లారని ఆ మంట ఎవరి మీదో చెప్పాలంటే సంగతి మొదటి నుంచీ చెప్పాలి.

మాది చీరాలలో నేత పని చేసుకునే కుటుంబం. మా నాన్న ముందు గది మొత్తం మగ్గాలకే వదిలేసి, రెండు మగ్గాలు పక్కపక్కనే వేయించాడు. అప్పటి మగ్గాలకు నేలలో నడుం లోతు గుంట ఉండేది. నేసేవాడు గట్టు మీద కూర్చుని కాళ్లు ఆ గుంటలోకి వదిలి, కింద ఉన్న పలకలు తొక్కుతూ నేసేవాడు. నాన్న పోయాక ఎడమ మగ్గం అన్నయ్యకు, కుడి మగ్గం నాకు వచ్చాయి. అన్నయ్య చేతిలో ఏముందో గానీ, ఆయన నేసిన చీర అంచు చూసి షావుకార్లు ఇంటికే వచ్చి పని ఇచ్చి వెళ్లేవారు. నేను నేసింది కూడా అదే నూలు, అదే రంగు, అయినా నా చీరలో ఏదో ఒక వంక కనిపించేది. వీధిలో ఎవరైనా మా ఇంటి గుర్తు చెప్పాల్సి వస్తే అన్నయ్య పేరే చెప్పేవారు. నలభై ఏళ్లు వచ్చేదాకా నేను ఆయన తమ్ముణ్ణి, అంతే.

నూలు ధర పెరిగి, కళ్లు కూడా మొరాయించాక నేను మగ్గం వదిలేసి ఊరి బయట పొగాకు కంపెనీలో గుమాస్తాగా చేరాను. మగ్గం చెక్క అమ్మేశాను. గుంట మాత్రం ఖాళీగా ఉండిపోయింది. ఆ రోజు అన్నయ్యను భోజనానికి పిలిస్తే రాలేదు.

కంపెనీలో మేనేజరుగారు బదిలీ మీద వెళ్తూ తన అద్దాల తొట్టి నాకిచ్చారు. అందులో వేలెడంత పొడుగున్న వెండి రంగు చేపలు నాలుగున్నాయి. వీటిని షార్కులంటారనీ, రోజూ చిటికెడు మేత వేస్తే చాలనీ చెప్పి రైలెక్కారు. చిటికెడు మేతతో సరిపెట్టుకునే చేపలు కావవి. రెండు నెలలు తిరక్కుండానే జానెడు దాటి, వెనక్కి తిరగాలంటే ముక్కులు అద్దానికి కొట్టుకునేవి. పెద్ద తొట్టి కొనాలంటే నా జీతం చాలదు. గుంటూరులో అలాంటి తొట్లు అమ్మే కొట్టుకు వెళ్లి అడిగితే, కొట్టతను నా చెప్పుల వంక ఒకసారి చూసి, ధర చెప్పకుండానే పక్కవాళ్లతో మాటల్లో పడ్డాడు. ఆ చూపు నాకిప్పటికీ గుర్తే.

దాంతో పంతం పట్టాను. మొదట మా ఆవిడ బట్టలు నానబెట్టే పెద్ద టబ్బు లాక్కుని అందులో వేశాను. ఎగిరి పడకుండా పైన పాత దోమతెర కట్టాను. అదీ చాలకపోయేసరికి, ఎవరో గేదెల్ని అమ్ముకుని వదిలేసిన సిమెంటు కుడితి తొట్టిని రిక్షా మీద వేయించుకొచ్చి, పగుళ్లు పూడ్చి, వారం రోజులు నీళ్లు మార్చి మార్చి సిమెంటు ఘాటు పోగొట్టి అందులోకి మార్చాను. కూల్‌డ్రింక్ సీసా అడుగు కోసి, అందులో ఇసుకా స్పంజీ దట్టించి, పాత కూలరు మోటారు తగిలిస్తే అది నీళ్లు వడకట్టేది. కరెంటు పోతే చెంబుతో నీళ్లు ముంచి ఎత్తు నుంచి ధారగా పోసేవాణ్ణి, గాలి అందాలని. మేతకు తవుడూ వేరుశనగ చెక్కా కలిపి ఉండలు చేసేవాణ్ణి. మా ఆవిడ రోజూ బోరింగు కొట్టి బిందెలు మోసేది. ఒకరోజు బిందె దబ్బున దించి, "నాకు జ్వరమొచ్చినప్పుడు గ్లాసుడు నీళ్లు ఇవ్వలేదు గానీ, వీటికి మాత్రం ఎత్తి పోస్తున్నారు," అంది. ఆవిడన్నది నిజమే.

ఎందుకంత తాపత్రయమంటే, చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంటుంది. సాయంత్రమయ్యేసరికి మా ఇంటి ముందు జనం చేరేవారు. షార్కులున్న ఇల్లెక్కడంటే వీధి మొదట్లోనే చూపించేవారు. వచ్చినవాళ్లు అన్నయ్య మగ్గం పక్కనుంచే నడిచి, ఆయన వంక చూడకుండా నా తొట్టి దగ్గరకు వెళ్లేవారు. నలభై ఏళ్లలో మొదటిసారి ఆ ఇంటికి మనుషులు నా కోసం వచ్చారు.

ఆరు నెలలకు తొట్టి కూడా చాలలేదు. అప్పుడు నా కన్ను ముందు గదిలో ఉన్న నా గుంట మీద పడింది. తవ్వి ఉన్న గుంటే కదా, ఇటుకలూ సిమెంటూ అయితే చాలు. పొడుగు సరిపోదని అన్నయ్య గుంట వైపు మూరెడు తవ్వాను. ఇటుకలు దించుతుంటే అన్నయ్య నేయడం ఆపి అడిగాడు.

"ఒరేయ్, ఏం చేస్తున్నావురా?"

"చేపలకి."

"నాన్న కాళ్లు పెట్టుకుని మనకి అన్నం పెట్టిన చోటురా అది. చేపల కంపు పెడతావా అందులో?"

"నా వాటా, నా ఇష్టం."

ఆయన మళ్లీ మగ్గం మీదకు వంగాడు.

చేపలు గుంటలో హాయిగా తిరిగాయి గానీ, వాటికో జబ్బు ఉంది, భయం. చప్పుడైతే చాలు, పిచ్చి పట్టినట్టు పరుగెత్తి గోడలకు గుద్దుకుని మూతులు చితక్కొట్టుకునేవి. నాలుగడుగుల అవతల అన్నయ్య మగ్గం పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా దబ్ దబ్‌మని కొడుతూనే ఉంటుంది కదా. చేపలు ఎగిరినప్పుడల్లా నీళ్లు చిమ్మి ఆయన పడుగు మీద పడేవి. పడుగంటే మగ్గానికి నిలువునా బిగించిన దారాలు. వాటికి గంజి పెడతారు. గంజి పెట్టిన దారానికి తేమ తగిలితే బూజు పడుతుందని నేత ఇంట్లో పుట్టినవాడికి ఒకరు చెప్పక్కర్లేదు. నాకూ తెలుసు. తెలిసే ఒకరోజు అన్నయ్య దగ్గరకు వెళ్లి కాస్త మెల్లగా నెయ్యమని అడిగాను.

అన్నయ్య నా మొహం వంక చూశాడు. మాట్లాడింది వదిన. "ఏం అబ్బాయ్, నీ చేపలు బెదురుతాయని మీ అన్న మగ్గం ఆపుకోవాలా? రేపు మా నోట్లోకి నాలుగు వేళ్లూ వెళ్లేది నీ చేపలు చూసుకునా?" అంది. నేను కూడా గొంతు పెంచాను. వీధిలోవాళ్లు తలుపుల దగ్గరకొచ్చి విన్నారు. ఆ మర్నాటి నుంచి అన్నయ్య ఇంకా తెల్లవారకుండానే మగ్గం ఎక్కి, అవసరమున్నా లేకపోయినా గట్టిగా కొట్టేవాడు. నేను రేడియో పెట్టేవాణ్ణి. ఒకే గుమ్మంలోంచి వచ్చిపోతూ భుజాలు తగలకుండా పక్కకు ఒదిగేవాళ్లం.

మా నేల ఇసుక నేల. నేను తవ్విన మూరెడు మేరా నీళ్లు ఊరి, గోడలోంచి అన్నయ్య గుంటలోకి దిగాయి. ఆయన పొద్దస్తమానం తడి మట్టిలో కాళ్లు పెట్టుకుని నేశాడు; పాదాలు ఒరుసుకుపోయి పసుపు రాసుకోవడం చూశాను, చూసి కూడా ఊరుకున్నాను. ఎవరిదో పెళ్లికని నేసిన రెండు చీరల మీద బూజు మరకలున్నాయని షావుకారు వాటిని మడత పెట్టి తిరిగిచ్చేశాడు. అన్నయ్య చీర వెనక్కి రావడం మా ఇంట అదే మొదలు. వదిన ఏడ్చింది. నిజం చెప్పాలి, ఆ రోజు నాకు లోలోపల కాస్త సంతోషమే కలిగింది.

మూడోరోజు సాయంత్రం నేను కంపెనీ నుంచి వచ్చేసరికి గుంట గోడ పగిలి ఉంది. గునపం పక్కనే పడి ఉంది. నీళ్లన్నీ ఇసుకలోకి ఇంకిపోయి, అడుగున బురదలో నాలుగు చేపలూ పక్కకు ఒరిగి నోళ్లు తెరుస్తున్నాయి. అన్నయ్య మగ్గం మీదే ఉన్నాడు. కొత్త పడుగు, తెల్లటిది, అప్పుడే ఎక్కించినట్టున్నాడు. నేను వచ్చింది తెలిసి కూడా నేత ఆపలేదు.

నేను అరవలేదు. వంటింట్లోకి వెళ్లి కత్తెర తెచ్చి, ఆ పడుగుకు అడ్డంగా ఈ చివర నుంచి ఆ చివరకు కత్తిరించుకుంటూ పోయాను. బిగించిన దారాలు తెగుతుంటే సన్నటి చప్పుడొచ్చింది. అన్నయ్య చెయ్యి మగ్గం మీదే ఉండిపోయింది. నన్ను ఆపలేదు, కొట్టలేదు. తెగిన కొసల వంక చూస్తూ, "నేతోడి కడుపున పుట్టావురా నువ్వు," అన్నాడు. అంతే. వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మా ఆవిడ నా చేతిలోని కత్తెర లాక్కుని నేలకేసి కొట్టింది.

తడి గోనె సంచుల్లో చేపల్ని చుట్టి, సైకిలు వెనక కట్టుకుని, వేటపాలెం రోడ్డులో చేపల చెరువు వేసిన రైతు దగ్గరకు తొక్కాను. సంచీ విప్పి, ఇవి షార్కులు, కాస్త చోటివ్వండి అన్నాను. అతను వంగి చూసి పెద్దగా నవ్వాడు. "షార్కులేంటండీ బాబూ! ఫంగస్ అని, కూరకి పెంచే చేపలివి. నా చెరువు నిండా ఇవే. రోజూ లారీకెత్తుతున్నాం," అన్నాడు. ఒకటి దారిలోనే చచ్చిపోయింది. మిగతా మూడింటినీ నీళ్లలోకి వదిలాను. అతను గంపెడు మేత విసిరేసరికి వందల చేపలు ఒక్కసారి పైకి లేచి నోళ్లు తెరిచాయి. నావి ఏవో గుర్తుపట్టాలని గట్టు మీద చాలాసేపు నిలబడ్డాను. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి.

ఆ తర్వాత పదకొండు రోజులు మా ముందు గదిలో మగ్గం చప్పుడు లేదు. తెగిన పడుగును అతకాలంటే ఒక్కో దారం కొసకు ఇంకో దారం కొస కలిపి వేళ్లతో మెలి పెట్టాలి, అలా కొన్ని వేల దారాలు. అన్నయ్యా వదినా ఎదురెదురుగా కూర్చుని పొద్దుట మొదలుపెడితే చీకటి పడేదాకా అదే పని. రెండోరోజు మా ఆవిడ నాతో చెప్పకుండా వెళ్లి వాళ్ల పక్కన కూర్చుంది. ఆ పని నాకూ వచ్చు. చిన్నప్పుడు అన్నయ్యే నా వేళ్లు పట్టుకుని నేర్పాడు. నాలుగో మనిషి ఉంటే ఎన్ని రోజులు తగ్గేవో తెలిసి కూడా నేను గోడకవతల మంచం మీద పడుకుని పైకప్పు చూస్తూ గడిపాను. ఎవరూ నన్ను పిలవలేదు. పిలిచినా వెళ్లేవాణ్ణి కానేమో.

ఆ చీర నేసి ఇచ్చేశాక అన్నయ్య తన మగ్గం ఊడదీశాడు. ఇంటి వాటా అమ్మి, కూతురి దగ్గరకు తాడేపల్లి వెళ్లి, అక్కడ ఏదో అపార్టుమెంటులో వాచ్‌మన్‌గా చేరాడు. వెళ్లే రోజు నేను కంపెనీలోనే కూర్చున్నాను. వదిన పోయిన కబురు కూడా మూడోనాటికి గానీ నాకు చెప్పలేదు. ఆ కోపం నాలో ఇంకా ఉంది. చేపల్ని బురదలో వదిలి నేత నేస్తూ కూర్చున్నందుకు ఆయన్ని నేను క్షమించలేదు. ఆయన నన్ను క్షమించాలని ఎలా అడుగుతాను?

పోయినేడు మా ఆవిడ పోరు పడలేక తాడేపల్లి వెళ్లాను. గేటు పక్కన చిన్న గది, ముందు ప్లాస్టిక్ కుర్చీలో అన్నయ్య. జుట్టంతా నెరిసింది. పాదాలకు అప్పటి మచ్చలు నల్లగా అలాగే ఉన్నాయి. నన్ను పై నుంచి కింది దాకా చూశాడు. ఆనవాలు పట్టాడు, ఆ సంగతి ఆయన కళ్లలోనే తెలిసింది. కుర్చీలోంచి నెమ్మదిగా లేచి, రిజిస్టరు నా వైపు తిప్పి పెన్ను చేతికిచ్చి అడిగాడు.

"ఎవరు కావాలండీ?"

నేను పెన్ను అక్కడే పెట్టి వచ్చేశాను.

మా పేటలో ఇప్పుడు చేతి మగ్గాలు వెతికినా కనిపించవు. ఇటుకల షెడ్లలో మరమగ్గాలు పగలూ రాత్రీ రొద పెడుతుంటాయి. దారం తెగితే యంత్రమే ఆగుతుంది. పడుగు అతికే వేళ్లున్నవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. నన్ను అందరూ గారూ, అండీ అని గౌరవంగానే పిలుస్తారు, వయసుకు ఇచ్చే మర్యాద అది. అమ్మానాన్నా లేరు, తోటివాళ్లు లేరు. నన్ను ఒరేయ్ అని పిలవగల మనిషి ఈ భూమ్మీద ఇక ఒక్కడే మిగిలాడు, ఆ ఒక్కడూ నన్ను అండీ అంటున్నాడు.