పేరులో కిరసనాయిలు

నగరి మగ్గాల వీధిలో ఐదో తరగతి గట్టెక్కిన మొదటి మనిషి ఆదికేశవులు. ఈ సంగతి మర్చిపోయే సందు అతనెవరికీ ఇవ్వలేదు. చిత్తూరులో కలెక్టరు గారి కారుకు దారి చూపించింది అతనే. తిరుమల కొండను ఎక్కడా కూర్చోకుండా ఎక్కిందీ అతనే. అన్నిటికీ మించి, వీధి మొత్తంలో ‘చ’ను ‘చ’గా పలికేది అతనొక్కడే. ఎవరైనా “సాలప్పా” అంటే చాలు, “చాలు అనవయ్యా! నాలుక అరిగిపోతుందా?” అని గదమాయించేవాడు.

దేవుడు ఆ నాలుకకే చిక్కు పెట్టాడు. ఏ పేరు విన్నా, పలికినా అతని నోట్లో ఒక రుచి పుట్టేది. ధనంజయ అంటే వేయించిన శనక్కాయలు. గంగాధరం అంటే పుల్లమజ్జిగ. లోకమంతా ఇంతే కాబోలనుకున్నాడు చాలాకాలం. కాదని తెలిశాక, దాన్నీ తన ఘనతల్లో కలిపేసుకున్నాడు.

ఆ ఘనత వల్లే పెళ్లి కాకుండా పోయింది. పుత్తూరు సంబంధంలో అమ్మాయి పేరు నాగులమ్మ అన్నారో లేదో, వేపాకు నమిలినట్టు మొహం చిట్లించాడు. వాళ్లు వక్కాకు పళ్లెం లోపలికి తీసుకుపోయారు. మరో చోటా అంతే.

తల్లి మునిరత్నమ్మ తల బాదుకుంది. “ఈ సంబంధం గూడా పోతే, పేర్లు నాక్కుంటా కూర్సో నాయనా.”

ఈసారి అమ్మాయి ఏకాంబరకుప్పంలో నేతపనివాడు ఎల్లప్ప కూతురు. తల వంచుకోలేదు. ఎదురుగా చూసి నవ్వింది. ఆదికేశవులుకు ఆ నవ్వు నచ్చేసింది. గొంతు సవరించుకుని పేరడిగాడు.

“సౌడేశ్వరి.”

నోరంతా పనసతొన! అక్కడితో ఊరుకుంటే అతను ఆదికేశవులు ఎందుకవుతాడు? “చౌడేశ్వరి అనాలి” అని దిద్దాడు. వెంటనే గొంతులోకి కిరసనాయిలు దిగింది. ప్రపంచ యుద్ధంతో కిరసనాయిలు దొరక్క ఊరంతా చీకట్లో కూర్చునుంటే, ఇతనికి మాత్రం నోట్లో ఊరింది. పైగా అది కులదేవత పేరాయె. ఉమ్మడానికి లేదు. కళ్లనీళ్లతో మింగి, తల ఊపాడు. సంతోషం పట్టలేక ఏడుస్తున్నాడనుకుని ఎల్లప్ప పొంగిపోయాడు.

పెళ్లయింది. కొత్త దంపతులు గడప తొక్కబోతుంటే చెల్లెలు సుబ్బులమ్మ చేతులు అడ్డం పెట్టింది. పెళ్లాం పేరు మొగుడు, మొగుడి పేరు పెళ్లాం చెప్పందే ఏ ఆడపడుచూ దారి విడవదు.

“వదిన పేరు సెప్పన్నా!”

పందిట్లో, బెత్తంతో ‘చ’ నేర్పిన కృష్ణమూర్తి ఐవారు కూర్చుని ఉన్నారు. ఆయన ముందు తప్పెలా పలకడం?

“మా ఆమె” అన్నాడు ఆదికేశవులు.

“ఆమెకు పేరుండాది కదా!”

“చౌ...” అనగానే పొలమారింది. దగ్గి, గడప పక్కన తుపుక్కున ఉమ్మాడు.

ఎల్లప్ప లేచాడు. “ఏందబ్బా, మా అమ్మి పేరు నోట్లో పెట్టుకుంటే వాంతొస్తాదా నీకు? పద సౌడీ, బండెక్కు!”

ఆమె కదల్లేదు. మొగుడి వైపు తిరిగి, అతనికి మాత్రమే వినబడేలా అంది. “అది నా పేరు కాదు. మా అమ్మ పిలిసేది నా పేరు.”

ఆదికేశవులు ఐవారిని చూశాడు, బండిని చూశాడు, చివరికి ఆమెను చూశాడు. కళ్లు మూసుకుని, వీధి చివరికి వినబడేలా అరిచాడు.

“సౌడేశ్వరి!”

వీధి వీధంతా గొల్లుమంది. ఐవారు నుదురు కొట్టుకున్నారు. “నాలుగేండ్లు కొడితిని కదా వీణ్ణి!”

నోట్లో పనసతొన కరుగుతుంటే ఆ మాట అతనికి వినబడనేలేదు. ఆమె వంతు వచ్చింది. “ఆదికేశవులు” అని గడగడా చెప్పేసింది.

అతను ఆశగా వంగాడు. “నా పేరుకు ఏం రుచి తగిలింది నీకు?”

“పేరుకు రుచేంది!” అందామె విస్తుపోయి. “జరుగు, ఆకలవతా ఉండాది.”