కొస మడిచిన టేపు

దయ్యాలంటే నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. ఇది రాస్తున్న ఈ పూట కూడా లేదు. నేను నమ్మింది వెర్నియర్ కాలిపర్‌ని, మల్టీమీటర్‌ని. మా అమ్మ దిష్టి తీస్తానంటే పక్కకు తప్పుకునే రకం నేను. అయినా నా బీరువాలో ఒక టేపు ముక్క ఉంది, దానికి ఒక చిన్న స్క్రూ అంటుకుని ఉంది. అది నా దగ్గరకు ఎలా వచ్చిందో చెప్పాలంటే నేను చేసిన ఒక వెధవ పని కూడా చెప్పాలి. అందుకే ఇన్నాళ్లూ నోరు విప్పలేదు.

తెలంగాణ రావడానికి నాలుగైదేళ్ల ముందు మాట. నాచారం పారిశ్రామికవాడలో రేకుల షెడ్డు కింద నడిచే ఒక చిన్న యూనిట్‌లో డిజైన్ ఇంజనీరుగా పనిచేసేవాణ్ని. ఉప్పల్‌లో అద్దెగది, సొంతూరు తెనాలి దగ్గర. మా ఎండీ గారిదీ అటువైపే. పెద్ద పేరున్న సర్వర్లు కొనలేని ఆఫీసులకు మేం తక్కువలో సర్వర్లు కట్టి ఇచ్చేవాళ్లం. మదర్‌బోర్డులు, ప్రాసెసర్లు బయటి నుంచి వచ్చేవి. వాటిని ఒకదానితో ఒకటి కలిపే బోర్డులు, రేపు ఇంకో నాలుగు డిస్కులు పెట్టుకోవాలంటే దానికి కావలసిన ఏర్పాట్లు మాత్రం మావే. మావంటే నావి. ఆ గీర నాకు కాస్త ఎక్కువగానే ఉండేది.

సర్వరంటే అరలో తోసే చదును డబ్బా. లోపల కార్డులు నిలబెట్టేంత ఎత్తు ఉండదు. అందుకని మదర్‌బోర్డులో రైజర్ అనే చిన్న బోర్డు నిలబెట్టి, మిగతా కార్డులను దానికి అడ్డంగా గుచ్చుతారు. మా డబ్బాలో అలాంటివి మూడు ఉండేవి. డిస్కుల కార్డు మూడోదానికి ఉండేది. ఆ రైజర్ మిగతావాటికంటే పొడుగు కాబట్టి కదలకుండా పక్క గోడకు ఒక స్క్రూతో బిగించేలా గీశాను.

వాటిని బిగించే బల్ల దగ్గర ఎస్తేరు ఉండేది. నలభై దాటిన మనిషి, జనగామ వైపు పల్లె నుంచి వచ్చింది. భర్త ప్రభుదాస్ ఆటో తోలేవాడు. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులు మా బల్ల. ఆమె చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. కానీ కార్డు గుచ్చినప్పుడు అది పూర్తిగా దిగిందో లేదో కళ్లు మూసుకుని బొటనవేలితో చెప్పేది. నేను దాన్ని సరదాగా చూసేవాణ్నే తప్ప విద్య అనుకోలేదు.

ఆమెకు ఒక అలవాటు ఉండేది. ఏ స్క్రూ విప్పినా అందరిలా గిన్నెలో పడేసేది కాదు. వేడికి కరగని పసుపు టేపు ముక్క తుంచి, దాంతో స్క్రూను మూత లోపలి వైపు అంటించేది. దాని మీద అది ఎక్కడిదో తెలుగులో రాసేది. మేమంతా ఇంగ్లీషు అంకెలు వేస్తే ఆమె ‘ఒకటి’, ‘రెండు’ అని అక్షరాల్లో రాసేది. టేపు కొస కొంచెం మడిచి పెట్టేది. అదేంటని ఒకసారి అడిగితే, తర్వాత విప్పేవాళ్లకు గోరు దొరకాలి కదా అంది. మా షెడ్డులో ఇంకెవరికీ ఆ ఓపిక లేదు.

ఒక పెద్ద ఆసుపత్రికి సర్వర్లు కడుతున్నప్పుడు ఆమె నన్ను బల్ల దగ్గరకు పిలిచింది. రోగుల ల్యాబు రిపోర్టులన్నీ వాటిలోనే ఉంటాయని అందరికీ తెలుసు. మూడో రైజర్ మీద వేలు పెట్టి చూపించింది.

"బిగియ్యకముందు మంచిగ కూసుంటున్నది సార్. స్క్రూ బిగిస్తె లేస్తున్నది. మీరొక్కపారి సూడుండ్రి. దవాఖానకు పోయే డబ్బాలంట కదా."

నేను చూడలేదు. డ్రాయింగ్ ప్రకారం బిగించమని చెప్పి వచ్చేశాను. టెస్టులో అన్నీ పాసయ్యాయి కూడా. మేం టెస్టు చేసేది ఆ స్క్రూ పెట్టకముందు. స్క్రూ పెట్టాక ఐదు నిమిషాలు కరెంటిచ్చి చూసి మూత వేసేవాళ్లం.

రెండు నెలల్లో ఆసుపత్రి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఒక్కో సర్వర్‌లో డిస్కులు ఉన్నట్టుండి మాయమవుతున్నాయి. ఒక పూటంతా రిపోర్టులు ఆగిపోయి జనం వరండాల్లో కూర్చున్నారట. డబ్బాలు వెనక్కి తెప్పించి చూస్తే అన్నింటిలోనూ మూడో రైజరే, ఎస్తేరు చెప్పినట్టే, గాడిలోంచి కొంచెం లేచి ఉంది.

నా డ్రాయింగ్ తీసి మళ్లీ లెక్క వేసుకున్నాను. డబ్బా తయారుచేసేవాళ్లు కొలతలు అంగుళాల్లో ఇచ్చారు. నేను వాటిని మిల్లీమీటర్లలోకి మారుస్తూ ప్రతిసారీ దశాంశాల చివరి అంకెలు వదిలేసుకుంటూ పోయాను. అన్నీ కలిసి స్క్రూ చిల్లు అర మిల్లీమీటరు పైకి పడింది. అది తల కిందికి సన్నబడే రకం స్క్రూ, బిగించేకొద్దీ బోర్డును చిల్లుకు ఎదురుగా లాక్కుంటుంది. అంటే ప్రతి డబ్బాలోనూ బోర్డును పైకి లాగింది నా గీతే. మొదటి ఏడాది కుర్రాడు కూడా చేయకూడని తప్పు.

ఎండీ గారికి చెప్పాను. ఆయన మెల్లగా అన్నారు, "డిజైన్ తప్పంటే రేపు మన దగ్గర ఎవడూ కొనడయ్యా. చేతి తప్పయితే మనిషిని మార్చామని చెప్పుకోవచ్చు."

మా దగ్గర ప్రతి సర్వర్‌తో పాటు ఒక కాగితపు కార్డు తిరిగేది. ఎవరు ఏ పని చేస్తే ఆ వరుసలో వాళ్లు సంతకం పెట్టాలి. మూడో రైజర్ వరుసలో అన్నింటిలోనూ ఎస్తేరు సంతకమే. రైజర్‌ను పూర్తిగా కూర్చోబెట్టకుండా బిగించారని, బాధ్యత ఎస్తేరుదని రిపోర్టు రాశాను. నన్నెవరూ బలవంతం చేయలేదు. నా ఉద్యోగం పోతుందని భయపడ్డాను, అంతే.

పనిలోంచి తీసేస్తే ఆమె పోట్లాడలేదు. చేతిగుడ్డ, టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని నా బల్ల దగ్గర ఆగింది.

"నా పేరు రాసిన్రంట. రాస్తే రాసిన్రు. ఆ స్క్రూ మాత్రం సూస్కోండ్రి సార్."

అలా పేరుపడ్డ మనిషికి నాచారంలో ఇంకో యూనిట్‌లో పని దొరకలేదు. వాళ్లు జవహర్‌నగర్ వైపు ఇల్లు మారారు. అక్కడ పాత కంప్యూటర్లు పగలగొట్టి రాగి, ఇత్తడి ఏరే షెడ్డులో చేరిందని విన్నాను. ఇరవై ఏళ్లు బోర్డులు బిగించిన చేతులకు చివరికి ఆ పని మిగిలింది. ఆ వానాకాలం జ్వరమొచ్చి నాలుగు రోజుల్లో పోయింది. సమాధి చేసిన రోజు బంద్, బస్సుల్లేవు. అందుకే వెళ్లలేదని నాకు నేను చెప్పుకున్నాను. నా దగ్గర బండి ఉంది, ట్యాంకులో పెట్రోలూ ఉంది.

ఆమె పోయిన నెలన్నరకు ఆసుపత్రికి కొత్తగా పద్దెనిమిది సర్వర్లు కట్టాం. అదే డ్రాయింగ్. డబ్బాల రేకులు ముందే కొట్టించి ఉన్నాయి, మార్చాలంటే ఎందుకు మారుస్తున్నారని అడుగుతారు. ఆ స్క్రూ పెట్టకుండా వదిలేద్దామని నాకూ అనిపించింది. కానీ ఈసారి ఆసుపత్రి తరఫున ఒక అధికారి వచ్చి పక్కనే నిలబడ్డాడు. ఏ చిల్లుకు ఏ స్క్రూ ఉండాలో మేమిచ్చిన జాబితా చేతిలో పట్టుకుని ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకున్నాడు. ఒకటి ఖాళీగా ఉంటే కారణం చెప్పాలి.

అందుకని పద్దెనిమిదింటికీ నేనే బిగించాను, నా చేత్తోనే. ప్రతిసారీ రైజర్ కొద్దిగా లేవడం వేళ్లకు తెలిసింది. ఈసారి తెలిసింది. మూతలు వేసి కాగితపు సీళ్లు అంటించాం. వాటి మీద ఆ అధికారి, నేను సంతకాలు పెట్టాం. మా స్టోరులో ఉంచుకోవడానికి అదే రోజు పందొమ్మిదోది కూడా కట్టి సీలు వేశాం.

ఆ తర్వాత ఫోను మోగితే చాలు ఆసుపత్రి నుంచేమో అనుకునేవాణ్ని. నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి, ఏడాది తిరిగింది. ఒక్క ఫిర్యాదు రాలేదు. ఎండీ గారు భుజం తట్టి, చూశావా, మనిషిని మారిస్తే సరిపోయింది అన్నారు. ఆ మాటకు నవ్వాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే నా మొహం మీద నాకే ఉమ్మేయాలనిపిస్తుంది.

ఏడాది తర్వాత మెమరీ పెంచడానికి ఆసుపత్రికి వెళ్లాను. ఉదయం పదకొండు గంటలు, చల్లటి గది, పక్కన ఆ అధికారే. ముందుగా సీళ్లు చూసుకున్నాం. ఒక్కటీ చిరగలేదు, సంతకాలు గీత తప్పలేదు. మొదటి సర్వర్ మూత తీసి తిప్పి బల్ల మీద పెట్టాను.

మూత లోపలి వైపు పసుపు టేపు ముక్క ఉంది. దాని కింద ఒక స్క్రూ. టేపు మీద ‘మూడు’ అని తెలుగులో రాసి ఉంది. కొస మడిచి ఉంది.

మూడో రైజర్ దగ్గర స్క్రూ లేదు. బోర్డు గాడిలో పూర్తిగా దిగి ఉంది.

ఆయన ఇదేంటని అడిగాడు. సర్వీసు కోసం విడిగా పెట్టే స్క్రూ అని ఏదో చెప్పాను. ఆ టేపును స్క్రూతో సహా జేబులో వేసుకున్నాను. సాయంత్రం లోపు పద్దెనిమిదీ తెరిచాను. పద్దెనిమిదింటిలోనూ అదే టేపు, అదే రాత, అదే మడత.

నేను ఊరికే భయపడిపోయే మనిషిని కాను. వచ్చి అన్నీ ఆరా తీశాను. ఆ గదిలోకి ఎవరెళ్లినా పుస్తకంలో రాయాలి. ఆ ఏడాదంతా సర్వర్లు ఒక్కసారి కూడా అరలోంచి బయటికి తీయలేదు, ఆపలేదు కూడా. మా షెడ్డులో ఎవరైనా ఆమె మీద అభిమానంతో చేశారా అంటే, సీలు వేసినప్పటి నుంచి లారీ ఎక్కించే దాకా నేను పక్కనే ఉన్నాను. ఇక ఆ పసుపు టేపు ఖరీదెక్కువని ఎస్తేరు వెళ్లిన వారమే ఎండీ గారు తెప్పించడం మానేశారు. ఆ పద్దెనిమిదీ కట్టే రోజుల్లో మా దగ్గర ఉన్నది మామూలు తెల్ల టేపే.

చివరికి స్టోరులో ఉన్న పందొమ్మిదోది తెరిచాను. టేపు లేదు. స్క్రూ నేను బిగించిన చోటే ఉంది, రైజర్ లేచి ఉంది. కరెంటిచ్చాను. రెండు గంటలు వేడెక్కాక డిస్కులు మాయమయ్యాయి. స్క్రూ విప్పి బోర్డును వేలితో నొక్కితే మళ్లీ కనిపించాయి. ఆసుపత్రికి వెళ్లని ఆ ఒక్కదాన్ని మాత్రం ఎవరూ ముట్టలేదు.

ఎండీ గారి దగ్గరకు వెళ్లి రిపోర్టు మారుద్దామన్నాను. టేపుల సంగతి చెప్పలేదు, తప్పు నాదని రాసిస్తానని మాత్రం చెప్పాను. ఆయన నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూశారు. పద్దెనిమిది సర్వర్లు ఏడాదిగా ఆగకుండా నడుస్తుంటే డిజైన్ తప్పని ఎలా రాస్తావని అడిగారు. అక్కడే నిలబడి ఆసుపత్రికి ఫోను చేసి చెప్పేసి ఉండవచ్చు. చేయలేదు.

ఒక ఆదివారం జవహర్‌నగర్ వెళ్లాను. ప్రభుదాస్ ఆటో కడుక్కుంటున్నాడు. ఒక టేపు ముక్క అతని చేతిలో పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాను. నా తప్పు కూడా చెప్పాను. తిడతాడనుకున్నాను, కొడితే బాగుండుననీ అనుకున్నాను. అతను ఆ మడతను బొటనవేలితో చాలాసేపు తడిమాడు.

"ఆమె రాతే సార్ ఇది. జరమొచ్చి పండుకున్నప్పుడు గూడ అదే రంది ఉండె ఆమెకు. దవాఖాన డబ్బాలు, పేషెంట్లకేమన్న అయితదేమో అని." నా వైపు తిరిగి అడిగాడు, "మరి కాయితంల పేరు తీసేసిన్రా?"

ఇంకా లేదన్నాను.

అతను టేపును జాగ్రత్తగా నా చేతిలో పెట్టేశాడు. "అయితే మీ కాడనే ఉండనియ్యిండ్రి," అన్నాడు. మళ్లీ బకెట్ అందుకున్నాడు.

రాష్ట్రం వచ్చిన ఏడాది మా యూనిట్ మూతపడింది. ఫైళ్లు గోనెసంచుల్లో కట్టి పాత కాగితాలవాడికి వేశారు. ఆ రిపోర్టు కోసం సంచులన్నీ వెతికాను, దొరకలేదు. దొరికి ఉంటే చింపేసేవాణ్నేమో. అందులో ఆమె పేరు నా చేతిరాతలో అలాగే ఉంది.

నేటికీ ఆ స్క్రూలు ఎవరు విప్పారో నాకు తెలియదు. సీలు చిరగకుండా, కరెంటు ఆపకుండా, లేని టేపుతో అది ఎలా జరిగిందో నాకు తెలిసిన ఏ లెక్కకూ అందలేదు. తెలిసింది ఒక్కటే. అవి అలాగే ఉండి ఉంటే సర్వర్లు మళ్లీ ఆగేవి, ఈసారి బిగించింది నేనే కాబట్టి నా తప్పు బయటపడేది, ఎస్తేరు మీద పడ్డ మాట చెరిగిపోయేది. విప్పినవాళ్లెవరో గానీ, రోగుల రిపోర్టులు ఆగకుండా చూశారు. ఆమె పేరును మాత్రం నాకు వదిలేశారు.