అమ్మ తీయించిన వంటింటి గోడ

నిన్న పక్కింట్లో రీమోడలింగ్ మొదలైంది. కోసిన చెక్క వాసన సోకగానే, ఎనభైల నాటి అమెరికాలో, షామ్‌బర్గ్ ఊళ్లో మా ఒకే అంతస్తు చిన్న రాంచ్ హౌస్ గుర్తొచ్చింది. అప్పట్లో ఇక్కడ పెరిగినవాళ్లకు తెలుసుగా, ఆ ముదురాకుపచ్చ బొచ్చు షాగ్ కార్పెట్, నాలుగు గోడల మధ్య ఆ ఇరుకు వంటిల్లు! శనివారం అంకుల్స్, ఆంటీలు వస్తే హాల్లో ఒకటే నవ్వులు. అమ్మ మాత్రం గోడకి అవతల పూరీలు వేయిస్తూ ఉండేది.

ఇంటి వెనక ఒక గది కలుపుదామని నాన్న కాంట్రాక్టర్‌ని పిలిచారు. అమ్మ వంటింటి గోడ మీద చెయ్యి వేసి, "ముందు ఇది తీసెయ్యమనండి," అంది.

"పోపు వాసన ఇల్లంతా వస్తుంది. రేపు సేల్ చేస్తే ఎవరు కొంటారు?" అన్నారు నాన్న.

"మనం ఉండడానికేగా కట్టుకుంటున్నాం!"

గోడ పోయింది. ఆ వేసవంతా గరాజ్‌లో కరెంటు హాట్ ప్లేట్ మీదే వంట, అన్నంలో కూడా సున్నం దుమ్ము.

పని పూర్తయ్యాక అందరినీ పిలిచాం. నాన్న తమ పెళ్లి కబుర్లు మొదలుపెట్టగానే, పొయ్యి దగ్గర నుంచి అమ్మ, "కాదండీ, అలా జరగలేదు," అంది. అందరూ అటు తిరిగారు.

"అయితే నువ్వే చెప్పు," అన్నారు నాన్న.

అమ్మ వచ్చి సోఫాలో కూర్చుంది. నాన్న లేచి వెళ్లి పూరీలు వేయించారు.