కూర్చున్న గంట ఎవరిది?

ఆ లాండ్రీలో ఆమెను అందరూ ఎందుకక్క అని పిలిచేవారు. ఏ సంగతైనా సగమే తెలిస్తే ఆమెకు అన్నం సయించేది కాదు. హోటళ్ళ నుంచి మూటలు మూటలుగా వచ్చే దుప్పట్లను ఇస్త్రీ రోలరులోకి అందిస్తూ, "వీళ్ళు తెల్లవే ఎందుకు కొంటారంటావ్? మరకలు కనపడాలనా, కనపడకూడదనా?" అని పక్కనున్న పెద్దమ్మను అడిగేది.

పెద్దమ్మ అక్కడ అందరికంటే వయసులో పెద్దది. ఆ రోలరు దగ్గరే తల నెరిసింది. "కనపడితే నీకేం, కనపడకపోతే నీకేం? ముందు ఆ కొస సరిగ్గా పట్టుకో" అని కసురుకునేది. ఇద్దరూ చెరో కొస పట్టి సాగదీసి వదిలితే, నలిగి ముద్దయిన దుప్పటి అటువైపు కాగితంలా వచ్చేది.

ఒకరోజు మేనేజరు అందరినీ పోగుచేసి, ఇకమీదట రోజుకూలీ లేదు, గంటల లెక్కే అన్నాడు. గుమ్మం పక్కన వేలుపెట్టే యంత్రం బిగించారు. లోపలికి వస్తూ ఒకసారి, బయటికి పోతూ ఒకసారి వేలు పెట్టాలి. గంటకు ఇస్తానన్నది పాత కూలీతో పోలిస్తే కాస్త ఎక్కువే. ఆడవాళ్ళంతా సంబరపడ్డారు. ఎందుకక్క కూడా సంబరపడింది. అడగకుండానే ఎక్కువ ఎందుకిస్తున్నారన్న అనుమానం లోపల తొలుస్తున్నా, ఆ పూటకు దాన్ని పక్కన పెట్టింది.

జవాబు ఆ వారంలోనే దొరికింది. లాండ్రీలో బాయిలరు ముసలిది. ఉన్నట్టుండి మొరాయించేది. ఇదివరకు అది ఆగితే అందరూ రోలరు పక్కనే చతికిలబడి కబుర్లు చెప్పుకునేవారు. కూలీ మాత్రం ఆగేది కాదు. ఇప్పుడు సూపర్‌వైజరు వచ్చి, "వేలు పెట్టేసి బయట మెట్ల మీద కూర్చోండి. ఆవిరి రాగానే పిలుస్తాను" అనడం మొదలుపెట్టాడు. వారం తిరిగేసరికి చేతికొచ్చింది పాత కూలీ కంటే తక్కువే.

మిగతావాళ్ళకు ఒళ్ళు మండింది. ఎందుకక్కకు కోపం కంటే ముందు ఒక ప్రశ్న పుట్టుకొచ్చింది. దాన్ని కొంగున కట్టుకుని ఇంటికి వెళ్ళింది.

ఆమె భర్త సర్కారు బస్సు నడుపుతాడు. ఇంట్లో మాట పొదుపు మనిషి. అన్నం వడ్డిస్తూ అడిగింది. "ఏవండీ, దారిలో బస్సు చెడిపోయి ఆగిపోతే మీ జీతం కూడా ఆగుతుందా?"

"ఎందుకాగుతుంది? నేనేమన్నా చెడగొట్టానా?"

"మరి బాయిలరు నేను చెడగొట్టానా?"

"మాకు యూనియనుందే. మీకెవరున్నారు?"

"యూనియను రాకముందు మీవాళ్ళకి ఆగేదా?"

"ఏమో. నేను చేరేసరికే ఉంది."

"అయితే ఎవరో కొట్లాడి సంపాదించింది మీరు హాయిగా తింటున్నారన్నమాట."

ముద్ద గొంతుకడ్డం పడి ఆయన నీళ్ళ గ్లాసు వెతుక్కున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం బాయిలరు మళ్ళీ ఆగింది. ఎందుకక్క అందరితోపాటు వేలు పెట్టి బయటికొచ్చింది. మెట్ల మీద కూర్చోబోయి ఆగిపోయింది. ఈ గంట వాళ్ళదైతే కూలీ ఇవ్వాలి కదా! నాదే అయితే ఇక్కడే ఎందుకు కూర్చోవాలి? పెద్దమ్మ "ఏయ్, ఎక్కడికే?" అంటున్నా వినకుండా బస్టాపుకు నడిచింది. కాసేపటికి భర్త నడిపే బస్సే వచ్చింది. ఎక్కి ముందు సీట్లో కూర్చుంది.

ఆయన అద్దంలో చూసి కంగారుపడ్డాడు. "ఏమైంది? ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉంది. నా గంట నేను వాడుకుంటున్నాను."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన బస్సు నడుపుతుండగా ఆమె చూడటం అదే మొదలు. ఇంట్లో పెదవి విప్పని మనిషి మలుపుల దగ్గర కూనిరాగం తీస్తున్నాడు. ఎక్కే ముసలివాళ్ళను పేరుపేరునా పలకరిస్తున్నాడు. రేపు ఉద్యోగం ఉంటుందా ఊడుతుందా అన్న బెంగ లేకపోతే మనిషి ఇలా ఉంటాడా అని ఆమెకు వింతగా అనిపించింది.

తిరిగొచ్చేసరికి ఆవిరి ఎప్పుడో వచ్చేసింది. పెద్దమ్మ ఒక్కతే రెండు కొసలతో సతమతమవుతోంది. మేనేజరు గుమ్మంలోనే పట్టుకున్నాడు.

"డ్యూటీ మధ్యలో ఎక్కడికి పోయావ్?"

"డ్యూటీలో లేను సార్. కావాలంటే యంత్రాన్ని అడగండి."

ఎవరో కిసుక్కుమన్నారు. మేనేజరు మొహం ఎర్రబడింది. "రేపట్నుంచి రానక్కర్లేదు."

"అంటే తీసేసినట్టా?"

"తియ్యడానికి, అసలు నిన్ను పెట్టుకున్నట్టు కాగితం ఏదన్నా ఉందా?"

ఆ మాట ఆమెకు చెంపదెబ్బలా తగిలింది. ఇన్నేళ్ళు ఈ చేతులమీదుగా వెళ్ళిన దుప్పట్లు పరిస్తే ఊరంతా కప్పొచ్చు. అయినా ఆమె ఇక్కడ పనిలో ఉన్నట్టే కాదట!

సాయంత్రం భర్త తన డిపో యూనియను పెద్దను వెంటపెట్టుకొచ్చాడు. ఆయన గుసగుసలాడినా వీధి చివరికి వినిపిస్తుంది. అందుకే అందరికీ గొంతు బాబాయి. అప్పటికే పెద్దమ్మ వచ్చి ఎందుకక్కను ఝాడించి వదులుతోంది.

"ఇంకేం ఆలోచన? సమ్మె చెయ్యండి!" అన్నాడు గొంతు బాబాయి. గోడమీది పిల్లి దూకి పారిపోయింది.

"మీకేం నాయనా, చెప్పిపోతారు. మేం బయట కూర్చుంటే రేపు పొద్దున్నే వేరేవాళ్ళు వచ్చి ఆ రోలరు దగ్గర నిలబడతారు. తక్కువో ఎక్కువో, వారం వారం చేతికొస్తోంది. అదీ పోగొట్టుకోమంటారా?" అంది పెద్దమ్మ.

ఎందుకక్కకు ఇద్దరి మాటలూ నిజమే అనిపించాయి. "బాబాయ్, పెద్దమ్మ చెప్పినట్టు జరగదా?"

ఆయన గొంతు మొదటిసారి తగ్గింది. "జరుగుతుందమ్మా. మా డిపోలోనూ మొదట్లో కొంతమంది పోయారు."

"వాళ్ళకి యూనియను ఏం చేసింది?"

"కొందర్ని మళ్ళీ పెట్టించింది. కొందరికి ఏమీ చెయ్యలేకపోయింది."

ఆ ఒక్క జవాబుతో ఆమెకు ఆ మనిషి మీద గురి కుదిరింది. పెద్దమ్మ మాత్రం మూతి ముడుచుకుని లేచింది. గడప దాటబోతూ ఆగి, "బస్సులో తిరిగొచ్చావటగా. ఎలా ఉంది?" అని అడిగింది.

"చాలా బాగుంది పెద్దమ్మా."

తర్వాతి సంగతి ఎందుకక్క ఆ నోటా ఈ నోటా విన్నదే. మరుసటి రోజు బాయిలరు ఆగింది. అందరూ వేలు పెట్టి మెట్ల దగ్గరికి వచ్చి కూర్చున్నారు. పెద్దమ్మ మోకాళ్ళు పట్టుకుని, "ఈ రాళ్ళమీద కూర్చుని కూర్చుని కాళ్ళు పట్టేశాయి. నేనలా పార్కు దాకా నడిచొస్తానర్రా" అంది. ముందు ఒకామె లేచింది. తర్వాత ఇంకో ఇద్దరు. చివరికి మెట్లు ఖాళీ. ఆవిరి వచ్చింది, హోటలు వ్యాను కూడా వచ్చింది, మనుషులే లేరు. మేనేజరు రొప్పుతూ పార్కుకు పరిగెత్తాడు.

"ముందు మా ఎందుకక్కను పిలిపించండి. మాకు మాట్లాడటం రాదు, దానికి అడగటం వచ్చు" అంది పెద్దమ్మ, బెంచీ మీంచి కదలకుండా.

అలా ఎందుకక్క మేనేజరు గదిలో కుర్చీ మీద కూర్చుంది. పక్కన పెద్దమ్మ, గొంతు బాబాయి. మేనేజరు ఈసారి అరవలేదు. అలసిపోయినట్టున్నాడు.

"హోటళ్ళవాళ్ళు నాకు కిలోల లెక్కన ఇస్తారు. బాయిలరు ఆగిన గంటలో ఒక్క కిలో కూడా తయారవదు. ఆ గంటకి కూలీ ఎక్కణ్ణుంచి తేవాలో మీరే చెప్పండి."

గొంతు బాబాయి అరవడానికి ఊపిరి ఎగబీల్చాడు. ఎందుకక్క చెయ్యెత్తి ఆపింది. ఆమెకు ఇది నిజంగా ఆలోచించాల్సిన సంగతే అనిపించింది.

"సార్, ఆ బాయిలరు ఎందుకు బాగుచేయించరు?"

"ఎన్నిసార్లు చెప్పానో. మా యజమాని వినడు. ఆగినా ఖర్చేం లేదు కదా అని..." మేనేజరు మాట మధ్యలో ఆగిపోయాడు.

ఆయనా ఎందుకక్కా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

యజమానితో బేరం తెగడానికి ఇంకొన్నాళ్ళు పట్టింది. అడిగినవన్నీ దక్కలేదు. దక్కింది ఇదీ: మెట్ల మీద కూర్చోమంటే ఆ గంటకు పూర్తి కూలీ ఇవ్వాలి, లేదంటే ఆ పూటకు ఇంటికి పంపెయ్యాలి. పనిలో ఉన్నట్టు ఎందుకక్కతో సహా అందరికీ కాగితం. బదులుగా గంట కూలీ మీద పెంచిన ఆ కాస్తా వెనక్కి పోయింది. దానిమీద ఆడవాళ్ళలో పెద్ద రభసే జరిగింది. బాయిలరు బాగుండే రోజుల్లో నష్టమేగా అని కొందరు ఎందుకక్కతో మాట్లాడటం మానేశారు. వాళ్ళు అన్నదాంట్లోనూ నిజముందని ఆమె ఒప్పుకుంది. ఊరికే కూర్చోబెడితే ఖర్చవుతుందనగానే, ఆ బాయిలరుకు మెకానిక్కు మాత్రం రెక్కలు కట్టుకుని వచ్చాడు.

కాగితాలు రాసే రోజున పెద్దమ్మ వంతు వచ్చింది. మేనేజరు కలం పట్టుకుని అడిగాడు. "వయసెంత?"

"ఎంతైతే ఉంచుతారో అంత రాసుకోండి బాబూ."

మేనేజరు ఆమె తెల్లజుట్టు వంక చూశాడు, తల వంచుకున్నాడు, తనకు తోచిన అంకె ఏదో రాసి సంతకం పెట్టాడు. ఎంత రాశాడో కనుక్కుందామని ఎందుకక్క మెడ సాచింది. పెద్దమ్మ కాగితాన్ని చటుక్కున మడిచి జాకెట్టులో దోపుకుంది. "నీకెందుకే?" అంటూ రోలరు దగ్గరికి నడిచింది.